సాంకేతిక పట్టభద్రుల తొలి ఉద్యోగము: ధర్మపురి ప్రాంతపు తెలుగువారు

ధర్మపురి యనగానే తెలుగువారికి గోదావరీ తీరమందలి నృసింహ క్షేత్రము స్ఫురించును. ఈ వ్యాసమునకు విషయమైన ధర్మపురి వేరు. ఇది తమిళనాడు వాయవ్య భాగమున, సేలమునకును బెంగుళూరునకును నడుమ నున్న జిల్లా కేంద్రము. ప్రాచీన తమిళ వాఙ్మయమున తగడూరను పేర ప్రసిద్ధి కెక్కి, అదియమాన్ ప్రభువులకు రాజధానిగా వర్ధిల్లినది. పదునెనిమిదవ శతాబ్దిలో ఈ సీమ బారామహల్ అను పేర పిలువబడుచుండెను. 1792వ సంవత్సరపు సంధివలన ఇది టిప్పు సుల్తాను చేతినుండి ఈస్టిండియా కంపెనీ వశమాయెను. అప్పుడు కెప్టెన్ అలెగ్జాండరు రీడునకు సహాయకుడుగా వచ్చిన థామస్ మన్రో 1799 వరకు ఇచ్చట పనిచేసెను. అంతవరకు సైనికుడై యుండిన మన్రో భూమిశిస్తు వ్యవహారమును గ్రంథములు చదివి గాక, ఈ సీమలోని పొలములవెంట తిరిగి నేర్చుకొనెను. తరువాత దత్తమండలముల కలెక్టరై రాయలసీమవారి మన్నన పొందుటకు మూలమైన విద్య ఆయనకు ఇచ్చటనే అబ్బినది. పనిని పనిచోటనే నేర్చుకొనవలయునను మాటకు ఈ నేలయందే పూర్వోదాహరణము కలదని చెప్పుటకే ఈ ప్రస్తావన.

ఈ ప్రాంతమున అధిక సంఖ్యాకుల మాతృభాషయు, పాలనా భాషయు తమిళమే. అయినను తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా ఇచ్చట నివసించుచున్నవి. ఉత్తరముగా కృష్ణగిరి, హోసూరు దిక్కునకు పోవుకొలది వారి సంఖ్య హెచ్చుచు, కన్నడమును తోడగును. 1965 అక్టోబరు 2వ తేదీన సేలము జిల్లానుండి ధర్మపురి జిల్లా వేరుపడెను. 2004 ఫిబ్రవరి 9వ తేదీన దానినుండి కృష్ణగిరి జిల్లా ఏర్పడి, హోసూరు అందు చేరెను. పాలనలో జిల్లాలు రెండైనను, జీవనోపాధి విషయమున వీనిని ఒకే సీమగా చూడవలసియున్నది. ఏలయన ధర్మపురి గ్రామములలో చదివిన యువకుడు పని వెదకికొనుచు మొదట చేరునది హోసూరే.

నేడు ఈ సీమలోని తెలుగు కుటుంబములనుండి యువకులును యువతులును ఇంజనీరింగు పట్టమో, డిప్లొమాయో పొందుచున్నారు. వారిలో పెక్కుమంది తమ వంశమున కళాశాల మెట్లెక్కిన మొదటివారు. సేద్యము, నేత, చిల్లర వర్తకములతో జీవించిన తలిదండ్రులకు చదువు సంగతి కొంత తెలియును గాని, చదువు ముగిసిన పిమ్మట ఏ తలుపు తట్టవలయునో తెలియదు. ఈ వ్యాసము నిరూపింపదలచినది ఒక్కటే. సాంకేతిక విద్యలో పట్టము సగము. తక్కిన సగము పనిచోట గడపు మొదటి సంవత్సరము. ఆ సంవత్సరమును పొందుటకు చట్టసమ్మతమైన మార్గము కలదు. దానికి కాలపరిమితియు కలదు. ఆ కాలము మించిన పిదప ఆ తలుపు మూతపడును.

పూర్వపు మార్గము

పందొమ్మిదవ శతాబ్దిలో ఇంజనీరింగు పట్టభద్రులు మిక్కిలి కొలది మంది. ఉద్యోగమిచ్చునది సర్కారే. ఆంధ్రదేశమందలి మోక్షగుండమను ఊరిపేరును ఇంటిపేరుగా ధరించి మైసూరు సీమలో స్థిరపడిన కుటుంబమున జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1881లో బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో బి.ఏ. ముగించి, పూనా సైన్సు కళాశాలలో చేరి, 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథమ స్థానమున ఉత్తీర్ణుడయ్యెను. బొంబాయి ప్రభుత్వము 1884లో ఆయనను ప్రజాపనుల శాఖలో సహాయక ఇంజనీరుగా నియమించెను. పరీక్షలో మొదటివానికి ఉద్యోగము సిద్ధముగా నుండిన కాలమది. కళాశాలకును కార్యాలయమునకును నడుమ ఎడము లేదు.

ఆరు దశాబ్దముల తరువాతి ఉదాహరణము వేరు తీరున నున్నది. 1919లో మద్రాసు నగరమున తెలుగు కుటుంబమున జన్మించిన అయ్యలసోమయాజుల లలితకు పదునైదవ యేట వివాహమయ్యెను. పదునెనిమిదేండ్లకే, నాలుగు నెలల పసిబిడ్డ ఒడిలో నుండగా, భర్త మరణించెను. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యుడు. ఆయన ప్రోత్సాహమున ఆమె 1940లో అదే కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు తరగతిలో చేరి, 1944లో పట్టమునందుకొనెను. భారతదేశమున ఇంజనీరింగు పట్టము పొందిన తొలి మహిళలలో ఆమె ఒకరు. పట్టపత్రము పురుషులకై అచ్చువేయబడినదగుటచే, అందలి సర్వనామమును కొట్టివేసి స్త్రీవాచకమును వ్రాయవలసి వచ్చెను.

ఆమె జీవితమున ఈ వ్యాసమునకు ముఖ్యమైన అంశము వేరొకటి కలదు. పట్టమునకును తొలి ఉద్యోగమునకును నడుమ ఆమె బీహారులోని జమాల్పూరు రైల్వే కర్మశాలలో ఒక సంవత్సరము అప్రెంటిసుగా పనిచేసెను. పిమ్మట సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఇంజనీరింగు సహాయకురాలిగా చేరెను. బిడ్డతో సోదరుని ఇంట నుండుటకు వీలగుట ఆ స్థలమునెన్నుకొనుటకు ఒక కారణము. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ప్రవేశించి, భాక్రానంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుత్ప్రసార మార్గముల రచనలో పాల్గొనెను. పట్టము, కర్మశాలలో ఒక సంవత్సరము, బంధువుల అండగల ఊరిలో చిన్న ఉద్యోగము, ఆ పిదప పెద్ద పని: ఈ సోపానక్రమము నేటికిని మారలేదు.

నేటి స్థితి

మారినది పట్టభద్రుల సంఖ్య. 1794లో సర్వే పాఠశాలగా మొదలైన గిండీ కళాశాల మద్రాసు రాజధానికంతకు ఏకైక దిక్కుగా చిరకాలముండెను. నేడు తమిళనాడున ఇంజనీరింగు కళాశాలలు వందల సంఖ్యలో నున్నవి. ఈ సీమలోనే బర్గూరున 1994లో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల వెలసెను. ధర్మపురికి చేరువనున్న చెట్టికరైలో 2013లో మరియొకటి ఏర్పడెను. కుటుంబమున మొదటి పట్టభద్రుడగువానికి బోధనా రుసుములో రాయితీనిచ్చు పథకమును 2010లో రాష్ట్ర ప్రభుత్వము ప్రవేశపెట్టెను. ఇందువలన చదువు దగ్గరయ్యెను. కాని ఉద్యోగము అంతే వేగముగా దగ్గర కాలేదు.

దీనికి కారణము సులభముగా గ్రహింపవచ్చును. పెద్ద కంపెనీలు చివరి సంవత్సరమున కళాశాలకే వచ్చి పరీక్షలు జరిపి విద్యార్థులను ఎన్నుకొను పద్ధతి కలదు. ఒకనాడు వందలమందిని పరీక్షింప గల కళాశాలకు పోవుట కంపెనీకి లాభము. కావున అవి చెన్నై, కోయంబత్తూరులలోని పేరుపొందిన కళాశాలలకు మొదట పోవును. చిన్న ఊరి కళాశాల వంతు చివర వచ్చును; ఆర్థిక మాంద్యము గల సంవత్సరమున రాకయు పోవచ్చును. అందుచేత ఇచ్చటి విద్యార్థి తన తరగతి గదిలోనికి ఉద్యోగము నడచివచ్చునని ఎదురుచూచుట కూడదు.

ఇక ఉద్యోగ వినిమయ కేంద్రముల మాట. యుద్ధము ముగిసి ఇండ్లకు మరలు సైనికులకు పని చూపుటకై 1945లో ఈ కేంద్రములు ఏర్పడెను. ఖాళీలను వీనికి తెలుపవలయునని యజమానులను నిర్బంధించుచు 1959లో చట్టము చేయబడెను. ఆ చట్టము ఖాళీని తెలుపుమని చెప్పెనే గాని, కేంద్రము పంపినవారినే తీసికొనుమని చెప్పలేదు. పలు కుటుంబములలో, పేరు నమోదు చేయించితిమి గదా, పిలుపు వచ్చునని సంవత్సరముల తరబడి నిరీక్షించుటకు ఈ భేదమును ఎరుగకపోవుటయే మూలము. నమోదు అవసరమే, ప్రభుత్వోద్యోగములకు అది ఉపకరింపవచ్చును. కాని నమోదు ప్రయత్నమునకు ప్రత్యామ్నాయము కాదు.

దారి పొడవున పరిశ్రమలు

శ్రీనగరమునుండి కన్యాకుమారి వరకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి ధర్మపురి మీదుగా సాగును. ఈ సీమవారి ఉపాధికి ఈ రహదారియే వెన్నెముక. ఉత్తరముగా పోయినచో కృష్ణగిరి, హోసూరు, బెంగుళూరు వరుసగా వచ్చును. దక్షిణముగా సేలము వచ్చును. సేలమునుండి ధర్మపురి, పాలక్కోడు, రాయకోట, హోసూరుల మీదుగా బెంగుళూరునకు రైలుమార్గమును కలదు.

హోసూరు 1970వ దశకమున రాష్ట్ర పారిశ్రామికోన్నతి సంస్థ యగు సిప్కాట్ నెలకొల్పిన పారిశ్రామిక వాటికతో రూపు మారినది. అశోక్ లేలాండ్ లారీల కర్మాగారము 1980లో ఇచ్చట ప్రారంభమయ్యెను. టి.వి.ఎస్. మోపెడ్లు అదే సంవత్సరమున ఇచ్చటనుండి వెలువడ నారంభించెను. టాటాలును తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థయు కలిసి 1984లో స్థాపించిన టైటాన్ కంపెనీ తన గడియారముల కర్మాగారమును హోసూరున నిర్మించెను. ఇటీవలి సంవత్సరములలో సెల్‌ఫోను భాగములు చేయు టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారము హోసూరు చెంతను, విద్యుద్వాహనములు చేయు ఓలా కర్మాగారము పోచంపల్లి చెంతను వెలసినవి. పెద్ద కర్మాగారము చుట్టును దానికి మరలు, పళ్లచక్రములు, అచ్చులు, రబ్బరు భాగములు సరఫరా చేయు చిన్న కర్మశాలలు పెక్కులుండును. తొలి ఉద్యోగమును వెదకువారు పెద్ద పేర్లనే చూచుచు ఈ చిన్న కర్మశాలలను ఉపేక్షించుట సాధారణమైన పొరపాటు. పెద్ద కర్మాగారమున కొత్తవాడు ఒకే యంత్రము వద్ద నిలుచును; చిన్న కర్మశాలలో చిత్రపటము చదువుట మొదలు సరకు పరీక్షించి పంపువరకు అన్ని పనులును అతని చేతిమీదుగా నడచును.

హోసూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున బెంగుళూరు కలదు. 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, 1948లో టెలిఫోను పరిశ్రమ, 1953లో హెచ్.ఎం.టి. అచ్చట స్థాపింపబడి ఆ నగరమును యంత్రవిద్యకు నిలయముగా చేసెను. హోసూరు దారిలోనే వెలసిన ఎలక్ట్రానిక్స్ సిటీ తరువాతి కాలమున కంప్యూటరు కంపెనీలకు స్థానమయ్యెను. అదే రహదారిపై ఇంకను ఉత్తరముగా పోయినచో తెలుగు సీమ వచ్చును. పెనుకొండ చెంత కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించెను. ధర్మపురి ఇంటిలో మాటలాడు తెలుగు ఆ కర్మాగారమున పరాయి భాష కాదు.

స్వజిల్లాలో సాంకేతికోద్యోగములు లేకపోలేదు. భూగర్భజలమున ఫ్లోరైడు అధికమగుటచే బాధపడిన ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరీ జలమునందించు హొగెనకల్ మంచినీటి పథకము జపాను ఋణసహాయముతో నిర్మింపబడి 2013లో ప్రారంభమయ్యెను. అట్టి పథకముల నిర్వహణమునకును, చక్కెర కర్మాగారములకును, గ్రానైటు పరిశ్రమకును సాంకేతికులు కావలయును. కాని వీని సంఖ్య పరిమితము.

అప్రెంటిసు సంవత్సరము

ఇప్పుడు ముఖ్యవిషయమునకు రావలయును. భారత ప్రభుత్వము 1961లో అప్రెంటిసుల చట్టమును చేసెను. మొదట అది కార్మిక వృత్తులకు పరిమితమై యుండెను. 1973లో సవరింపబడి ఇంజనీరింగు పట్టభద్రులకును డిప్లొమా వారికిని వర్తించినది. 2019 నాటి నియమముల ప్రకారము 30 మందికి తక్కువకాని సిబ్బంది గల ప్రతి సంస్థయు తన సిబ్బందిలో నూటికి రెండున్నరనుండి పదునైదు వంతుల వరకు అప్రెంటిసులను తీసికొనవలయును. కనుక ఇది యజమాని దయ కాదు. చట్టము విధించిన బాధ్యత.

పట్టభద్రులకును డిప్లొమా వారికిని ఈ శిక్షణ ఒక సంవత్సరము. 2019 నియమములలో పట్టభద్రునికి నెలకు కనీసము 9000 రూపాయలును, డిప్లొమా గలవానికి 8000 రూపాయలును భృతిగా నిర్ణయింపబడెను. ఈ కనీస భృతిలో సగము కేంద్ర ప్రభుత్వము భరించును. దీనిని నడపుటకు దేశమున నాలుగు ప్రాంతీయ మండలులు కలవు. దక్షిణదేశపు మండలి చెన్నైలోని తరమణిలో నున్నది. విద్యార్థి తన పేరును రుసుము లేకుండ నమోదు చేసికొని, శిక్షణనిచ్చు సంస్థలకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. నెయ్వేలి లిగ్నైటు సంస్థ వంటి ప్రభుత్వరంగ సంస్థలును అప్రెంటిసులకై ప్రకటనలు చేయుచుండును. సంవత్సరాంతమున మండలి ఇచ్చు ప్రావీణ్య పత్రము అనుభవమునకు సాక్ష్యముగా చెల్లును.

ఇందొక నియమమును ప్రత్యేకముగా గుర్తింపవలయును. ఒక సంవత్సరమో, అంతకు మించియో ఉద్యోగానుభవము గలవారు పట్టభద్ర అప్రెంటిసులుగా చేరుటకు అర్హులు కారు. చదువు ముగిసి పెక్కు సంవత్సరములు గడచినవారికిని ఈ అవకాశము ఉండదు. చదువుతో సంబంధము లేని ఏదో పనిలో చేరి, మంచి ఉద్యోగము వచ్చునంతవరకు అని దినములు గడపినవాడు పిమ్మట తన శాస్త్రమునకు మరలివచ్చు సులభమైన దారిని కోల్పోవును. ఇంటిలోనే కూర్చుండి చిరకాలము నిరీక్షించినవాని గతియు ఇంతే.

ఋణము సంగతియు ఇచ్చట ముడిపడియున్నది. బ్యాంకుల సంఘము రూపొందించిన మాదిరి విద్యాఋణ పథకమున చదువు ముగిసిన పిమ్మట ఒక సంవత్సరము వరకు వాయిదాలు చెల్లింపనక్కరలేదు. అటుపిమ్మట ఉద్యోగమున్నను లేకున్నను వాయిదా మొదలగును. అనగా బ్యాంకు ఇచ్చు విరామమును, అప్రెంటిసు శిక్షణయు సరిగా ఒకే సంవత్సరము. చదువు ముగిసిన నెలలోనే శిక్షణలో చేరినవాడు వాయిదా మొదలగునాటికి అనుభవపత్రముతో ఉద్యోగము వెదకును. ఆ సంవత్సరమును వ్యర్థము చేసినవాడు అనుభవము లేకయే అప్పు తీర్ప మొదలిడవలయును. ఆ భారము చివరకు పడునది తండ్రి పొలముపైననే.

ఈ మార్గమున లోపములు లేవని చెప్పరాదు. 9000 రూపాయలలో హోసూరున గది అద్దెయు భోజనమును పోగా ఇంటికి పంపుటకు మిగులునది స్వల్పము. శిక్షణ ముగిసిన పిదప ఉద్యోగమిచ్చి తీరవలయునని చట్టము యజమానిని నిర్బంధింపదు. అప్రెంటిసులను నియమించుకొను విషయమున తన విధానమును తాను ఏర్పరచుకొనవలయునని మాత్రము 2014 నాటి సవరణ చెప్పుచున్నది. కొందరు యజమానులు శిక్షణ పేర తక్కువ భృతికి పని చేయించుకొని, సంవత్సరము నిండగనే వారిని పంపి కొత్తవారిని తెచ్చుకొనుటయు కలదు. అందుచేత చేరుటకు ముందే రెండు ప్రశ్నలు వేయవలయును. నిరుటి అప్రెంటిసులలో ఎందరిని నిలుపుకొన్నారు? సంవత్సరములో ఏయే విభాగములలో పని నేర్పుదురు? ఈ రెండింటికిని స్పష్టమైన సమాధానమిచ్చు చోట చేరుట మేలు. ఉద్యోగము దొరకకున్నను నేర్చిన పని చేతిలో నుండును.

పరీక్షకులు అడుగునది

ఇంటర్వ్యూలో ఓడినవారు సాధారణముగా తమ ఆంగ్లమును నిందించుకొందురు. ఆంగ్లము కొంత కారణమే. కాని కర్మాగారమున పరీక్షకుడు మొదట చూచునది చేతికి తెలిసిన విద్య. మెకానికల్ పట్టభద్రుని ముందు ఒక భాగము యొక్క చిత్రపటమునుంచి, కొలతకు ఎంత హెచ్చుతగ్గు అనుమతింపబడినదో చెప్పుమందురు. వెర్నియరు, మైక్రోమీటరు ఇచ్చి కొలువుమందురు. మైక్రోమీటరు మిల్లీమీటరులో నూరవ వంతు వరకు చూపునని పుస్తకమున చదివినవాడు దానిని చేతబట్టి తడబడుట వింత కాదు. ఎలక్ట్రికల్ పట్టభద్రుని, పెద్ద మోటారును మొదట స్టార్ పద్ధతిలో ఎందుకు నడిపింతురని అడుగుదురు. అట్లు నడిపించినచో ప్రారంభమున లైనునుండి తీయు విద్యుత్ప్రవాహము డెల్టా పద్ధతిలో తీయుదానిలో మూడవ వంతు మాత్రమగునని చెప్పి, బొమ్మ గీసి చూపగలవాడు నెగ్గును. సివిల్ పట్టభద్రుని, కాంక్రీటు బలమును ఎట్లు పరీక్షింతురని అడుగుదురు. 150 మిల్లీమీటర్ల దిమ్మెలు పోసి, 28 దినములు నీట తడిపి, యంత్రమున నలిపి చూతురని చెప్పుట ఒక మెట్టు. తానే దిమ్మె పోసియుండుట మరియొక మెట్టు. కంప్యూటరు పట్టభద్రుని, పరీక్షకుని ఎదుటనే ఒక చిన్న ప్రోగ్రాము వ్రాయుమందురు.

ఈ ప్రశ్నలు కఠినములు కావు. ఇవన్నియు పాఠ్యగ్రంథములలో నున్నవే. చదువు పరీక్షాగదిలో వ్రాయుటకు మాత్రమే జరిగినప్పుడు ఇవి కఠినములగును. కావున చివరి సంవత్సరపు ప్రాజెక్టును అంగడిలో కొని తెచ్చుకొను అలవాటు విద్యార్థికి మిక్కిలి హానికరము. తన చేతితో చేసిన చిన్న పనిని గూర్చి పది నిమిషములు మాటలాడగలుగుట, ఇతరులు చేసిన పెద్ద పనిని చూపుటకంటె మేలు. దరఖాస్తు పత్రమునందును తాను చేసిన పనులను, వాడిన యంత్రములను, ఎంతకాలము చేసెనో స్పష్టముగా వ్రాయవలయును. గుణవర్ణన అక్కరలేదు.

ప్రభుత్వరంగమున చేరగోరువారికి మార్గములు వేరు. గేట్ పరీక్షలోని మార్కులను ఆధారముగా గొని కొన్ని కేంద్ర సంస్థలు ఇంజనీర్లను ఎన్నుకొనును. రైల్వేలును, రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమీషనును వేరుగా పరీక్షలు జరుపును. వీనికి సన్నాహము దీర్ఘకాలము పట్టును, ఫలము అనిశ్చితము. శిక్షణలోనుండియే వీనికి చదువుకొనుట వివేకము; వీనికై ఇతర ప్రయత్నములన్నియు మానుట సాహసము.

భాష

ఈ సీమ తెలుగు యువకునికి ఇంట తెలుగు, వీధిలో తమిళము, పాఠశాలలో తమిళమో ఆంగ్లమో, బెంగుళూరు పోయినచో కన్నడము అవసరమగును. కొందరు దీనిని లోపముగా భావింతురు. హోసూరు కర్మాగారములలో ఈ భాషలన్నియు వినబడును. కార్మికునికి అతని భాషలో పని వివరింపగల ఇంజనీరు ఎచ్చటనైనను విలువగలవాడే. దరఖాస్తులో తెలిసిన భాషలను వ్రాయునప్పుడు తెలుగును సంకోచముతో విడిచిపెట్టువారు కలరు. అది తగదు. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో శాఖలుగల కంపెనీకి అదియొక అర్హత.

అయితే మరియొక వైపునను దృష్టి నిలుపవలయును. తమిళనాడు పబ్లిక్ సర్వీసు కమీషను పరీక్షలలో తమిళ అర్హతాపత్రము తప్పనిసరియని 2021 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము ఉత్తరువు చేసెను. అందు నూటికి 40 వంతుల మార్కులు రానిచో తక్కిన పత్రములు లెక్కకు రావు. సాంకేతికోద్యోగములకును ఈ నియమము వర్తించును. తెలుగు మాధ్యమముననో, తమిళము లేని ఆంగ్ల మాధ్యమముననో చదివినవారికి ఇది పెద్ద అడ్డంకి. మాటలాడుట వచ్చినంత మాత్రమున వ్రాయుట రాదు. కనుక తెలుగు చదువుట, వ్రాయుట నిలుపుకొనుచునే, తమిళ లిపిని, వ్యాకరణమును శ్రద్ధతో నేర్చుకొనవలయును. ఒక భాషను ప్రేమించుటకు మరియొకదానిని విడువనక్కరలేదు.

జాగ్రత్తలు

ఉద్యోగము కొరకు ఆత్రపడువాని చుట్టును మోసగాండ్రు చేరుట సహజము. ఉద్యోగమిప్పింతుమని ధనము కోరువారిని నమ్మరాదు. నిజమైన యజమాని పనికి ధనమిచ్చునే గాని పుచ్చుకొనడు. మూల పట్టపత్రములను ఎవరివద్దను కుదువ పెట్టరాదు. నకళ్లు ఇచ్చి, మూలములను చూపి, వెంటనే తిరిగి తీసికొనవలయును.

ఇన్ని సంవత్సరములు విడిచిపోనని వ్రాయించుకొను ఒప్పందములను బాండ్లందురు. ఇవి చెల్లవను ప్రచారము కలదు. అది సరికాదు. విజయా బ్యాంకు ఉద్యోగికి సంబంధించిన వ్యాజ్యమున, మూడు సంవత్సరములు పనిచేయుటయో, 2 లక్షల రూపాయలు చెల్లించుటయో అను షరతు చెల్లునని 2025లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అందుచేత ప్రతి పంక్తిని చదివి, పెద్దలకు చూపి, పిమ్మటనే సంతకము చేయవలయును.

విదేశోద్యోగముల విషయమున ఇంకను మెలకువ కావలయును. థాయిలాండులో డిజిటల్ వ్యాపారోద్యోగములని ఆశపెట్టి, సాంకేతిక విద్య గల భారతీయ యువకులను మయన్మారు సరిహద్దునకు తరలించి, నిర్బంధమున మోసపు పనులు చేయించుచున్నారని 2022 సెప్టెంబరులో భారత విదేశాంగ శాఖ హెచ్చరిక వెలువరించెను. తొలి ఉద్యోగమునకై తొందరపడి విమానమెక్కినవాని తల్లిదండ్రులు ఎంత వేదనపడిరో ఊహింపవచ్చును. 1983 నాటి వలసల చట్టము క్రింద నమోదైన ఏజెంటు కానివాని మాట వినరాదు. సందర్శకుని వీసాపై ఉద్యోగమునకు పోరాదు.

కుటుంబముల, సంఘముల కర్తవ్యము

యువతుల విషయమున తలిదండ్రులు ఒక మాట ఆలోచింపవలయును. హోసూరు ప్రాంతపు ఎలక్ట్రానిక్స్ కర్మాగారములలో నేడు స్త్రీలు అధిక సంఖ్యలో పనిచేయుచున్నారు. కుమార్తెను నాలుగేండ్లు చదివించి, పట్టము చేతికి రాగానే దూరమని, రాత్రివంతు పనియని ఇంట నిలిపివేసినచో ఆ చదువునకు చేసిన వ్యయము వ్యర్థమగును. ఎనుబది యేండ్ల క్రిందట పసిబిడ్డ తల్లియైన లలిత మద్రాసునుండి జమాల్పూరునకును, అచ్చటినుండి సిమ్లాకును పోగలిగినది. తండ్రి అండయు, సోదరుని ఇల్లును ఆమెకు తోడయ్యెను. ధర్మపురినుండి హోసూరు అంత దూరము కాదు. కావలసినది అట్టి అండయే.

సాంకేతికోద్యోగములకు దారి తెలియుట సగము పరిచయముల వలననే జరుగును. తండ్రి ఇంజనీరైన ఇంట పుట్టినవానికి ఏ కర్మాగారము ఎప్పుడు మనుష్యులను తీసికొనునో భోజనము వేళ తెలియును. మొదటి తరము పట్టభద్రునికి అది చెప్పువారు లేరు. ఈ లోటును తీర్పగలవి తెలుగు సంఘములు. హోసూరు, బెంగుళూరు కర్మాగారములలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న తెలుగు ఇంజనీర్లు, ఫోర్‌మన్లు పలువురు కలరు. వారిలో కొందరు నెలకొక ఆదివారము సంఘ భవనమున కూర్చుండి, యువకుల దరఖాస్తులు చదివి, పైన చెప్పిన ప్రశ్నలవంటివి అడిగి, తప్పులు దిద్దినచో, ఏ ఖర్చును లేక పెద్ద మేలు జరుగును. అప్రెంటిసు నమోదు జరుగు నెలలను, తమిళ అర్హతాపత్రపు పాఠ్యక్రమమును, ఖాళీల ప్రకటనలను సంఘము గోడపై అతికించినచో చాలును. కొత్త ఊరిలో మొదటి నెల అద్దెకు చిన్న ఋణనిధి నేర్పరచుటయు సాధ్యమే. భృతి చేతికి వచ్చువరకు ఆ ఒక్క నెల గడవక శిక్షణ మానుకొనువారికి అది ప్రాణాధారము.

తెలుగు సంఘములు పండుగలు జరుపుట, కవులను సన్మానించుట ఉచితమే. అయినను ఆ పండుగకు రావలసిన యువకుడు ఉద్యోగము లేక మొగము చాటువేసికొని ఇంట నున్నచో సభ నిండినట్లు కాదు. పట్టమునకును పనికిని నడుమ నున్న ఆ ఒక్క సంవత్సరమున అతని చేయి పట్టుకొని నడిపించుట ఈ సీమ తెలుగువారికి తమ భాషను నిలుపుకొనుటయందును ఒక భాగమే. ఏలయన బ్రతుకునకు దారి చూపిన సంఘమును ఎవరును మరువరు.